ఎర్రన్న మోకాలు

మా అన్న ఎర్రన్న నాకంటే మూడేళ్ళు పెద్ద. అయినా నేను వాడనే అంటాను. గౌరవించడానికి వాడికి పేటలో బోలెడుమంది ఉండేవారు, ఆ మోకాలు చెడేదాకా.

కోటబొమ్మాళి నుంచి సముద్రం వైపు ఆటోలో వెళ్తే, రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట మా పేట. మాకు రేవు లేదు. రేవు ఉన్నవాళ్ళకి పడవ ఎక్కడమంటే బస్సెక్కడం లాంటిదే. మా దగ్గర మనుషులే పడవని ఇసుక మీంచి నీళ్ళలోకి తోసుకెళ్ళి, ఒడ్డున విరిగే కెరటాలు దాటించాలి. అవి దాటాక గానీ ఇంజను దించడానికి లోతు దొరకదు. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరే ఎక్కేస్తారు. పడవ వెనక కొసని అమరం అంటాం. అమరం పట్టినవాడు అందరికంటే ఆఖర్న ఎక్కుతాడు. అంతవరకూ గుండెలోతు నీళ్ళలో నిలబడి, పడవ ముక్కు కెరటానికి సూటిగా ఉండేలా పట్టుకోవాలి. వాడు వదిలితే పడవ అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన పడవని కెరటం బోర్లా వేసేస్తుంది. కాబట్టి పడవలో ఉన్నవాళ్ళందరి ప్రాణాలూ కాసేపు ఆ ఒక్కడి కాళ్ళ మీద ఉంటాయి.

మా తాత అమరం పట్టాడు, మా నాన్న పట్టాడు. నాన్న పోయాక, మీసం సరిగ్గా రాని వయసులో మా అన్న చేతికి వచ్చింది. అమరం పట్టే మనిషి కూర్చోకుండా మా పేటలో పెళ్ళి వడ్డన మొదలవదు. ఎవరైనా కొట్టుకుంటే అతను వచ్చి చెయ్యెత్తితే ఆగుతారు. ఆ గౌరవం వచ్చిన రోజు నుంచి మహానుభావుడి నడకే మారిపోయింది. మాటలు మొదట్నుంచీ తక్కువే. కోపం వచ్చినా సంతోషం వచ్చినా అన్నం ఒక ముద్ద ఎక్కువ తింటాడు, అంతే తేడా. నాకు నర్సింగులో సీటు వచ్చినప్పుడు వాడే దిగబెట్టడానికి వచ్చాడు. ఆమదాలవలసలో రైలు దిగి, ఆటోవాడు ఎక్కువ అడిగాడని నా ఇనప్పెట్టె నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం దాకా నడిచాడు. నేను చెప్పులు తెగి కుంటుతుంటే వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. అప్పటి ఆ కాళ్ళు తలుచుకుంటే నాకిప్పుడు ఏడుపొస్తుంది.

మాలో ఒక పట్టింపు ఉంది. పడవ ముక్కు సముద్రం వైపు తిప్పి, పడవకి పెద్దగా ఉండే సరంగు దోసెడు నీళ్ళు తెచ్చి దాని మీద చల్లాక, ఇంక ఎవరి నోటా కాదు, లేదు, రాను అన్న మాట రాకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం చూడండి, అలాంటిదే, కాకపోతే ఇంకా గట్టిది. వల చిరిగినా, ఒంట్లో జ్వరం ఉన్నా ముక్కు తిప్పకముందే చెప్పాలి. తిప్పాక చెప్పినవాడు చావుని పిలిచి పడవెక్కించినట్టేనని పెద్దవాళ్ళంటారు. చిన్నప్పుడు నేనొకసారి ఒడ్డున నిలబడి "నాన్నా, నీ దగ్గర సుట్ట నేదు" అని అరిస్తే మా అమ్మ అందరి ముందూ నా మూతి మీద కొట్టింది. ఆ దెబ్బ మీద నాకిప్పటికీ కోపమే.

రెండువేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ముందు రోజు సాయంత్రం పేట మొత్తం పడవల్ని సరుగుడు తోటలోకి లాక్కుంది. మా అన్న కాలు తడి ఇసుకలో పిక్కదాకా దిగబడిపోయింది. అదే క్షణంలో పడవ జారితే, కాలు అక్కడే ఉండి ఒళ్ళు పక్కకి తిరిగింది. మోకాల్లో టప్పుమన్న చప్పుడు పక్కనున్నవాళ్ళకి కూడా వినబడిందట. వాడు కూలబడి, మళ్ళీ లేచి, పడవ పైకి చేరేదాకా లాగాడు. తెల్లారేసరికి తోటలు లేవు, కరెంటు స్తంభాలు లేవు, సగం ఇళ్ళకి పైకప్పులు లేవు. అలాంటప్పుడు ఒకడి మోకాలు గుమ్మడికాయంత వాచిందంటే పట్టించుకునేదెవరు.

రోడ్లు బాగయ్యాక టెక్కలిలో ఒక డాక్టరుకి చూపించాడు. ఆయన ఎక్స్‌రే తీసి మూడు మాటలు చెప్పాడు: ఎముక విరగలేదు, లోపల లిగమెంటు తెగి ఉండొచ్చు, ఎంఆర్ఐ తీయించేదాకా ఆ కాలి మీద బరువు పెట్టొద్దు. మావాడు మొదటి మాట మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఫోను మీద ఫోను చేశాను.

"అన్నియ్యా, ఎక్స్‌రేలో ఎముకొక్కటే కనబడతాది. ఎముకకీ ఎముకకీ కట్టినట్టుండే నరాలు అందులో పడవు. నువ్వొకసారి రా. మా దగ్గిర మిషనుంది."

"ఫొటోలో ఏటీ నేదన్నాడు కదే. ఏటీ నేని దానికి మళ్ళీ ఫొటో ఏటే?" అన్నాడు.

పక్క ఊళ్ళో కట్లు కట్టే మనిషి చేత నూనె రాయించి లాగించుకున్నాడు. కొన్ని వారాలకి వాపు తీసింది. వాపు తీసింది కనక నయమైందన్నాడు. ఇంట్లో కూర్చున్న ఆ కాస్త రోజులకే పేటలో కుర్రకారు "ఎర్రన్న కాలు కొత్త పెళ్లికూతురు, గడప దాటదు" అని మేలమాడారట. ఎముకకి ఏమీ కాలేదని వాడే చాటింపు వేసుకున్నాడు మరి, ఎవరైనా ఏమనుకుంటారు? చలికాలం మధ్యలో మళ్ళీ అమరం పట్టాడు. పాత చీర చించి మోకాలికి బిగించి కట్టి, పైన పొడుగు నిక్కరు వేసుకునేవాడని మా వదిన దేముడమ్మ నాకు చాలా తరవాత చెప్పింది. ఎవరికైనా చెప్తే ఇంట్లోంచి పోతానన్నాడట.

వేసవిలో ప్రభుత్వం పెట్టే వేట నిషేధం రెండు నెలలూ కాలికి విశ్రాంతి దొరికింది. జూన్‌లో వేట తెరిచారు. జూలైలో ఒక పొద్దున్న మా గోవింద్ చచ్చిపోయాడు.

గోవింద్ మా చిన్నాన్న కొడుకు, మాకు తమ్ముడు. మా అన్న దాచుకున్న మాటలన్నీ వీడే ఖర్చు పెట్టేవాడు, అంత వాగుడుకాయ. పెళ్ళాం బుల్లమ్మ, ఇంకా మాటలు రాని ఒక పిల్ల. లెక్క ప్రకారం వాడు ముందుగా ఎక్కి ఇంజను చూసుకోవాలి. కానీ ఆ నెలల్లో మా అన్న పక్కనే ఆఖరిదాకా నీళ్ళలో ఉంటున్నాడు. అమరం నేర్చుకుంటున్నాడని అందరం అనుకున్నాం. ఆ పొద్దున్న పెద్ద కెరటం ముందు పడవ వెనక భాగం ఒక్కసారిగా పక్కకి తూలిందట. చూసేలోగా అడ్డం తిరిగి బోర్లాపడింది. నలుగురు ఈదుకుంటూ తేలారు. మా అన్న తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. గోవింద్‌కి పడవ అంచు తలకి తగిలింది. ఒడ్డుకి తెచ్చేసరికే ఊపిరి లేదు.

పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరవాత వలల పాకలో పెద్దలు కూర్చున్నారు. పడవ సరంగు అసిరయ్య మావ మంచివాడే, కానీ కట్టుబాటు విషయంలో రాయి. మా కట్టుబాటు ప్రకారం, మనిషిని సముద్రం తీసుకుంటే ఎవరి తప్పూ కాదు. అమరం పట్టినవాడు వదిలేస్తే మాత్రం, ఆ మనిషి బతికున్నంతకాలం ఏ పడవా ముట్టుకోకూడదు. మా అన్న భయపడి వదిలేశాడని కొందరన్నారు. తాగున్నాడని ఇంకొందరు. మా అన్న ఒకటే చెప్పాడు: కెరటం కొట్టిన దెబ్బకి మోకాలు తెగిపోయింది, అందుకే పడ్డాను.

"తెగితే సూపించు," అన్నాడు అసిరయ్య. "నీ సెల్లి దగ్గిర ఏదో మిషనున్నాదంట కదా. అందులో తెగినట్టు కనబడితే సముద్రం తీసుకున్నట్టే. ఎవుడూ నిన్ను మాటనడు."

అన్నాళ్ళు బతిమాలినా రానివాడు, మర్నాడు కర్ర పోటేసుకుని మా ఆసుపత్రి మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యాడు. "అనూ, ఆ ఫొటో తీయించే," అన్నాడు. ఆ మొహం చూసి తిట్టబోయి ఊరుకున్నాను.

ఎంఆర్ఐ గది బయట టెక్నీషియన్ ఒంట్లో ఎక్కడైనా ఇనుము ఉందా అని అడిగాడు. ఆ మిషను పెద్ద అయస్కాంతం, లోపల ఇనుముంటే ప్రమాదం. మా పేటలో గేలం గుచ్చుకోని మగాడు లేడు. ఎప్పుడో అరచేతిలో గేలం ముల్లు విరిగిందని, తీశారో లేదో గుర్తులేదని మా అన్న అన్నాడు. ముందు చేతికి ఎక్స్‌రే తీసి ఏమీ లేదని తేల్చుకున్నాకే లోపలికి పంపారు. మొలతాడుకున్న వెండి బిళ్ళ నేనే విప్పాను. కాళ్ళ వైపు నుంచి నడుము దాకా గొట్టంలోకి తోసి, మోకాలు కదలకుండా బిగించారు. లోపల పాడైన ఇంజనులా దడదడమని ఒకటే మోత. అరగంట పైనే కదలకుండా పడుకున్నాడు. బయటికొచ్చాక, "ఇంక తెలిసిపోయినట్టేనా?" అని అడిగాడు.

మా ఎముకల డాక్టరు శ్రీనాథ్ గారు కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టుకుని బొమ్మలు ఒక్కొక్కటీ జరిపారు. మా అన్న కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"చూడండి సిస్టర్. మోకాలి నడిమధ్యలో ఏటవాలుగా నల్లటి తాడులా ఒక లిగమెంటు కనిపించాలి. కింది ఎముక ముందుకి జారకుండా ఆపేది అదే. ఇక్కడ తాడు లేదు, తెగిన కొసలు కూడా కుంచించుకుపోయాయి. ఇది మొన్న తెగింది కాదు."

నేను బొమ్మకి దగ్గరగా వంగాను. "అంటే, సార్?"

"మూడు వారాల కిందట తెగి ఉంటే ఎముకల లోపల దెబ్బ తాలూకు నీరు ఇంకా తెల్లగా కనబడాలి. అది లేదు. పైగా ఇటు చూడండి. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి నలిగిపోయింది. ఎముక చివర నున్నగా పరుచుకునే పొర, కార్టిలేజ్, లోపలి పక్క అరిగిపోయి ఎముక బయటపడింది. ఒక్క దెబ్బకి ఇలా అవదు. తెగిన మోకాలు నెలల తరబడి జారుతూ, జారిన ప్రతిసారీ ఎముక మీద ఎముక గీసుకుంటూ ఉంటే ఇలా అవుతుంది." ఆయన వెనక్కి తిరిగారు. "ఎర్రన్న గారూ, తుఫాను నాడే తెగి ఉంటుంది. ఈ కాలుతో ఇన్నాళ్ళు సముద్రంలో ఎలా నిలబడ్డారండీ?"

మా అన్న తెల్లగా నల్లగా ఉన్న ఆ బొమ్మ వంకే చూస్తున్నాడు. ఎవరికీ తెలియదనుకున్నదంతా అక్కడ గోడంత వెలుగులో కనబడుతోంది.

తిరుగు రైల్లో కోటబొమ్మాళి వచ్చేదాకా వాడు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. నేనే మొదలుపెట్టాను.

"తెగిందని నాను సెప్తాను. అది నిజమే కదా. ఎప్పుడు తెగిందో ఆళ్ళకెవరికీ తెల్దు, ఆ ఫొటో సదవడం ఎవుడికీ రాదు. నువ్వు నోరిప్పకు."

మీరు నన్ను ఏమైనా అనుకోండి. చచ్చినవాడు తిరిగి రాడు. ఉన్నవాణ్ణి కాపాడుకోవాలనుకున్నాను. మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ అదే మాట అంటాను.

ఆ సాయంత్రమే పాకలో అందరూ చేరారు. పెద్దలు గొంతుక్కూర్చున్నారు. బుల్లమ్మ ఒక రాటకి ఆనుకుని, ఒళ్ళో పిల్లతో కూర్చుంది. మా అన్న కూర్చోలేడు కనక నిలబడే ఉన్నాడు. నేను ఫిల్మ్ వెలుతురుకి పట్టి చూపించాను.

"ఇక్కడ తాడులాగ ఉండాల. నేదు. తెగిపోయింది. దీన్తో ఎవుడూ నిలబడలేడు, మావా."

అసిరయ్య ఫిల్మ్ వంక, నా వంక, మా అన్న కాలి వంక చూశాడు. "మరయితే సముద్రం తీసుకున్నట్టే," అన్నాడు. ఎవరో హమ్మయ్య అన్నారు. మా వదిన చీర కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇంక అయిపోయిందనుకుని నేను ఫిల్మ్ కవరులో పెట్టేస్తున్నాను.

"ఆ రోజు తెగనేదు," అన్నాడు మా అన్న.

నేను వాడి చెయ్యి పట్టి గుంజాను. విదిలించుకున్నాడు.

"తుఫానప్పుడే తెగిపోయింది. సలికాలం నుంచీ జారతానే ఉన్నాది. ఆ పొద్దున్న ఇసకలో నడిసొస్తుంటే రెండుసార్లు జారింది. సెప్పీదామనే వచ్చేను. నానొచ్చేసరికి ముక్కు తిప్పీసి నీళ్ళు సల్లీసినారు. ఇంకెలగ సెప్తాను? పట్టుకున్నాను. కెరటమొచ్చింది, కాలు నేదు."

నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. అంత కోపం, అంత జాలి ఒక్కసారే ఎప్పుడూ రాలేదు నాకు. వాడు బుల్లమ్మ వైపు తిరిగాడు. దణ్ణం పెట్టడానికి చేతులెత్తాడు.

బుల్లమ్మ ఏడవలేదు. పిల్లని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"నాకు తెల్సు, బావా," అంది. "ఆడు సెప్పీవోడు. అన్నియ్య కాలు జారిపోతన్నాది, సిగ్గుకి ఎవులికీ సెప్పడు, నాను పక్కన దిగితన్నానే అని. ఈ ఫొటో రాకముందే నాకు తెల్సు. నువ్వు సెప్తావో సెప్పవో సూద్దామనొచ్చేను." మళ్ళీ తనే అడిగింది. "జారినప్పుడల్లా ఆడే కదా ఎనకనుంచి నీ నడుం పట్టి నిలబెట్టీవోడు. నీకు తెల్దా?"

"తెల్సు," అన్నాడు మా అన్న.

"మరి ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట అనుకోనేదా?"

"నేదు."

"ఒక్క పొద్దున్న, ముక్కు తిప్పకముందు, నావల్ల కాదురా అనీసుంటే ఇద్దరూ గట్టునే ఉండిపోదురు కదా, బావా."

అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు గురించి నేను రాయలేను.

అసిరయ్య మావ తలెత్తకుండానే తీర్పు చెప్పాడు. మా అన్న ఇంక ఏ పడవా ముట్టుకోకూడదు. ఎవరూ కాదనలేదు, మా అన్న అసలే అనలేదు. ముక్కు తిప్పాక నోరెత్తకూడదన్న కట్టుబాటు గురించి మాత్రం ఆ పెద్దల్లో ఒక్కడూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అడుగుదామని నా నాలిక చివరిదాకా వచ్చింది. బుల్లమ్మని చూసి మింగేశాను. మర్నాడు పొద్దున్న కూడా వాళ్ళు అలాగే ముక్కు తిప్పారు, అలాగే నీళ్ళు చల్లారు.

తొడలోంచి నరం తీసి కొత్త లిగమెంటు వెయ్యొచ్చని శ్రీనాథ్ గారన్నారు. అరిగిన పొర తిరిగి రాదు, సముద్రం మాట మర్చిపోవాలి, కానీ నడక నిలబడుతుంది, జారడం ఆగుతుంది. ఆపరేషనుకి రెండుసార్లు తేదీ అడిగి పెట్టించాను. రెండుసార్లూ రాలేదు. డిసెంబరులో సెలవు పెట్టి నేనే వెళ్ళాను, తిట్టి అయినా తీసుకొద్దామని.

వాడు ఇంటి వెనక కుర్చీలో కాలు బారజాపుకుని ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నా కళ్ళ ముందే మోకాలు పక్కకి జారింది. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నొప్పికి మొహమంతా చెమట పట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇలగ ఎన్నాళ్ళురా అన్నియ్యా? ఇద్దరు ఆడపిల్లలున్నారు నీకు. మిగిలిన ముక్క కూడా అరగదీసుకుని మంచాన పడదామనా? ఏటి నీ ఉద్దేశం?"

వాడు వల ముడి ఒకటి వేసి, పంటితో దారం కొరికాడు. తరవాత, నా వంక చూడకుండా అన్నాడు.

"అది జారినప్పుడల్లా ఆడొచ్చి ఎనకనుంచి నడుం పట్టుకున్నట్టుంటాదే, అనూ. బాగు సేయించీసుకుంటే ఇంకెలగ వస్తాడు?"